ఫ్రిస్కో ఎటు మొగ్గుతోంది? డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ యాప్ ఎంతవరకు చెబుతుంది

అమెరికాలో ఒక శివారు నగరం ఏ పార్టీ వైపు ఉందో డబ్బు ఖర్చు పెట్టకుండా తెలుసుకునే సాధనాల్లో మొదటి స్థానం డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ యాప్‌కే ఇవ్వాలి. అసలు దాన్ని తయారుచేసింది అందుకోసం కాదు. సియాటిల్ ప్రాంతపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు డేవ్ బ్రాడ్లీ, మామూలు జనం కూడా నియోజకవర్గాల హద్దులు గీసి చూసుకోవాలని దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక చిన్న బృందం నడుపుతోంది. ఖాతా ఉచితం, ప్రకటనలు లేవు. హద్దులు గీయాలంటే ప్రతి ప్రిసింక్ట్‌లో (ఓట్లు లెక్కపెట్టే అతి చిన్న ప్రాంతం) ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఎవరికి ఓటేశారో కావాలి కదా. ఆ రెండూ ఒకే మ్యాపు మీద దొరకడమే మనకు పనికొచ్చే సంగతి.

ఈ సమీక్షలో దాన్ని టెక్సస్‌లోని ఫ్రిస్కో మీద పెట్టి చూస్తున్నాం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు కావడం ఒక కారణం. ఇలాంటి సాధనాన్ని ఇబ్బంది పెట్టే లక్షణాలన్నీ ఆ ఊళ్లో ఉండటం అంతకంటే పెద్ద కారణం. ఫ్రిస్కో ఒకే కౌంటీలో (మన జిల్లా లాంటిది) లేదు, కాలిన్‌లో కొంత, డెంటన్‌లో కొంత. జనాభా 2000లో 33,714, 2010లో 1,16,989, 2020లో 2,00,509. ఇంత వేగంగా పెరిగే చోట పాత ప్రిసింక్ట్ లెక్కలు కొత్తవాటితో సరిపోలవు. టెక్సస్‌లో ఓటరు నమోదు ఫారంలో పార్టీ పేరు రాయరు కాబట్టి రిజిస్ట్రేషన్ చూసి మొగ్గు చెప్పే దారీ లేదు. నగర కౌన్సిల్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. కాబట్టి ఊరి మొగ్గు తెలియాలంటే నవంబరులో జరిగే రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల ప్రిసింక్ట్ లెక్కలే ఆధారం.

ముందుగా పని ఎలా చేయించాలో చూద్దాం. ఖాతా తెరిచి కొత్త మ్యాపు మొదలుపెడితే రాష్ట్రం, మ్యాపు రకం అడుగుతుంది. కాంగ్రెస్ మ్యాపు ఎంచుకుంటే టెక్సస్‌కు 38 నియోజకవర్గాలు ఇచ్చి కూర్చుంటుంది. మనకవి అనవసరం. ‘ఇతర’ అన్న రకం తీసుకుని నియోజకవర్గాల సంఖ్య రెండు అని ఇవ్వండి. ఒకటో నంబరు ఫ్రిస్కో, రెండోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. తర్వాత మ్యాపు అమరికల్లో నగరాల హద్దులు చూపించే పొరను ఆన్ చేసి, బ్రష్‌తో నగరం లోపలి ప్రిసింక్ట్‌లన్నిటికీ ఒకటో రంగు వేయండి. దక్షిణాన ప్లేనో వైపు 121 హైవే, ఉత్తరాన ప్రాస్పర్ వైపు 380 హైవే చుట్టుపక్కలే ఆగాలి. పడమర కౌంటీ గీత దాటగానే ఆపేయకండి. అందరూ తప్పేది అక్కడే. డెంటన్ వైపు ముక్క వదిలేస్తే మీ ‘ఫ్రిస్కో’ సగం ఊరే అవుతుంది. రంగు వేయడం అయ్యాక గణాంకాల పట్టికలో ఒకటో వరుస చూస్తే జనాభా, జాతుల వారీ శాతాలు, డెమొక్రాటిక్, రిపబ్లికన్ ఓట్ల వాటా అన్నీ ఒకేచోట ఉంటాయి. పక్కనే జనాభా తేడా ఎక్కువైందని ఎర్ర అంకెలు కనిపిస్తాయి, పట్టించుకోకండి. విశ్లేషణ పేజీలో అనుపాతం, పోటీతనం, ఆకృతి లాంటి అయిదు మార్కులు వేసి చూపిస్తుంది. అవి నిజమైన నియోజకవర్గాల మ్యాపులకే అర్థవంతం. ఒక్క ఊరికి రంగు వేసిన మ్యాపులో వాటికి విలువ లేదు.

ఇంతవరకు అరగంట పని. ఆ వరుసలో కనిపించే శాతాన్ని ఫ్రిస్కో మొగ్గుగా ప్రకటించేసే ముందు కొన్ని విషయాలు తెలియాలి.

మొదటిది హద్దులు. టెక్సస్ ఎన్నికల చట్టం ప్రకారం ఒక ప్రిసింక్ట్ రెండు కాంగ్రెస్ నియోజకవర్గాల్లోకో, రెండు శాసనసభ లేదా సెనేట్ నియోజకవర్గాల్లోకో, రెండు కౌంటీ కమిషనర్ల పరిధిలోకో పరుచుకోకూడదు. పదివేలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డుల గీతనూ దాటకూడదు. నగర హద్దును పాటించాలన్న మాట ఈ జాబితాలో లేదు. ఫ్రిస్కో కౌన్సిల్ సభ్యులను వార్డుల వారీగా కాదు, ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది కాబట్టి వార్డు గీత కూడా అడ్డురాదు. ఫలితంగా అంచుల్లోని ప్రిసింక్ట్‌లు సగం ఫ్రిస్కో, సగం ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ అవుతుంటాయి. యాప్‌లో దీనికి రెండు దారులున్నాయి. ప్రిసింక్ట్‌లో మూడొంతులకు పైగా ఇళ్లు ఊళ్లో ఉంటే మొత్తం తీసుకోవడం, లేకపోతే మొత్తం వదిలేయడం ఒకటి. లోతుగా జూమ్ చేసి సెన్సస్ బ్లాకుల (జనాభా లెక్కల్లో అతి చిన్న ముక్కలు) వారీగా రంగు వేయడం రెండోది.

చూడ్డానికి రెండోదే ఖచ్చితంగా ఉంటుంది, అందుకే ఎక్కువమంది దాన్నే ఎంచుకుంటారు. నిజానికి అందులో అంచనా ఎక్కువ. ఓట్ల లెక్క బ్లాకు స్థాయిలో ఎక్కడా ఉండదు. ప్రిసింక్ట్ ఓట్లను బ్లాకుల మధ్య జనాభాను బట్టి పంచి చూపిస్తుంది యాప్. ఒకే ప్రిసింక్ట్‌లో టోల్‌వే పక్క అపార్ట్‌మెంట్లూ, లోపల సొంతిళ్ల కాలనీ ఉంటే, రెండు చోట్లా పార్టీల వాటా ఒకటే అని అనుకుని పంచుతుంది. ఇలాంటి శివారుల్లో అపార్ట్‌మెంట్లలో డెమొక్రాటిక్ వాటా ఎక్కువగా, పోలింగ్ తక్కువగా ఉండటం మామూలు. కాబట్టి ఆ పంపకం రెండు వైపులా తప్పవుతుంది. ఊరి మొత్తం శాతానికి అంచు ప్రిసింక్ట్‌ల తేడా పెద్దగా రాదు, అర పాయింటో పాయింటో అటూ ఇటూ. ఒక్కో పేటకు విడివిడిగా శాతం చెప్పాలంటే మాత్రం బ్లాకులు కోసిన ప్రిసింక్ట్‌ను లెక్కలోంచి తీసేయడమే మేలు.

రెండోది, ఏ పోటీని చూస్తున్నారు అన్నది. యాప్ మొదట చూపించేది కలగలుపు సగటు. కొన్నేళ్ల అధ్యక్ష, సెనేట్, గవర్నర్, అటార్నీ జనరల్ పోటీలను కలిపి తీసిన ఒకే అంకె. నియోజకవర్గం గీసేవాళ్లకు అది మంచి కొలమానం, ఏ ఒక్క అభ్యర్థి ప్రభావమూ ఎక్కువ కాకుండా ఆపుతుంది. శివారు నగరాన్ని చదివేవాళ్లకు అది కీలకమైనదాన్నే దాచేస్తుంది. టెక్సస్ 2018 ఫలితాలు తీసుకోండి. ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద, రాష్ట్రం మొత్తంలో రిపబ్లికన్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 13 పాయింట్ల తేడాతో గెలిస్తే అదే పార్టీ సెనేటర్ టెడ్ క్రూజ్ 2.6 పాయింట్లతో బయటపడ్డారు, అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ మూడున్నర పాయింట్లతో. 2020లో ట్రంప్ ఆధిక్యం 5.6 పాయింట్లు, అదే బ్యాలెట్‌లో అదే పార్టీ సెనేటర్ జాన్ కార్నిన్‌ది 9.6. నాలుగేళ్లకు వరస తిరగబడింది. 2024లో ట్రంప్ 13.7 పాయింట్లతో గెలిస్తే క్రూజ్‌కు వచ్చిన తేడా 8.5. పైన ఒక పార్టీకి, కింద ఇంకో పార్టీకి వేసే ఓటర్లు ఉండబట్టే ఈ తేడాలు. కాలిన్ కౌంటీ లాంటి చదువుకున్న శివారు ప్రాంతాలు ఆ తరహా ఓటుకు పేరుపడ్డవి.

అందుకే డేటా ఎంపిక మెనూ తెరిచి సగటు తీసేయండి. ఒకే ఏడాదిలోని రెండు పోటీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ప్రిసింక్ట్‌లో అధ్యక్ష పోటీకి, సెనేట్ పోటీకి మధ్య నాలుగైదు పాయింట్ల తేడా ఉంటే అక్కడ పార్టీ కంటే అభ్యర్థిని చూసేవాళ్లు ఉన్నారని అర్థం. రెండూ దాదాపు ఒకటే అయితే గట్టి పార్టీ ఓటు. ఈ ఒక్క పోలిక సగటు అంకె కంటే ఎన్నో రెట్లు చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఒక్క మీటతో పార్టీ మొత్తానికి ఓటేసే స్ట్రెయిట్ టికెట్ సౌకర్యాన్ని టెక్సస్ తీసేశాక జరిగిన మొదటి నవంబరు ఎన్నిక 2020ది. అంతకుముందు కింది పోటీల్లో కూడా ఆ మీట వల్ల ఓట్లు నిండేవి. కాబట్టి 2018 కింది పోటీలను 2020వాటితో పోల్చేటప్పుడు శాతాలతో పాటు మొత్తం ఓట్ల సంఖ్యా చూడాలి.

మూడోది చిన్నగా కనిపించి పెద్ద తప్పు చేయించేది. యాప్‌లో మొగ్గు రంగు రెండు పార్టీల మధ్య వాటాను బట్టి వస్తుంది. మూడో పార్టీ ఓట్లు అందులో కనపడవు. కాలిన్ కౌంటీలో 2016లో ట్రంప్‌కు 55.6 శాతం, హిల్లరీ క్లింటన్‌కు 38.9 శాతం వచ్చాయి. మిగతా అయిదున్నర శాతం లిబర్టేరియన్‌లాంటివాళ్లది. 2020లో ట్రంప్ వాటా 51 శాతం చిల్లర, బైడెన్‌ది 47 దగ్గర. మామూలు శాతాల్లో చూస్తే రిపబ్లికన్ వాటా నాలుగు పాయింట్లు తగ్గింది. రెండు పార్టీల వాటాలో చూస్తే దాదాపు 59 నుంచి దాదాపు 52కు, అంటే ఏడు పాయింట్ల దాకా పడిపోయినట్టు కనిపిస్తుంది. రెండు లెక్కలూ నిజమే. మొదటిది రిపబ్లికన్లు ఎంత కోల్పోయారో చెబుతుంది. రెండోదానిలో 2016లో మూడో పార్టీకి వేసినవాళ్లు ఆ తర్వాత ఎక్కువగా ఎటు చేరారో కూడా కలిసిపోతుంది. ఒక ఏడాదికి ఒక పద్ధతి, ఇంకో ఏడాదికి ఇంకో పద్ధతి వాడి రాసే పోస్టులకు అంతు లేదు. గణాంకాల పట్టికలో ‘ఇతరులు’ అన్న నిలువు వరుస కూడా పక్కన ఉంటుంది, ముందు దాన్ని చూడండి.

ఇక్కడే ఇంకో మాట. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీకి కాలిన్‌లో 65 శాతం దాకా వచ్చాయి. ఆ అంకె నుంచి 2020 దాకా గీత గీసి, మరో నాలుగేళ్లకు కౌంటీ చేతులు మారుతుందని అప్పట్లో చాలా జోస్యాలు వచ్చాయి. 2024లో ట్రంప్ వాటా తిరిగి 54కు చేరింది, తేడా 11 పాయింట్లకు పెరిగింది. 1964లో లిండన్ జాన్సన్ తర్వాత ఏ డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థీ ఈ కౌంటీలో గెలవలేదు. మూడు బిందువుల మీద గీత గీస్తే వచ్చే ఇబ్బంది ఇది. యాప్ తప్పు కాదు గానీ, అది ఇచ్చే రంగుల వరస ఆ ఆశను పెంచే మాట నిజం.

నాలుగోది పెరుగుదల. యాప్ బలహీనత బయటపడేదీ ఇక్కడే. దాంట్లో ఆకారాలన్నీ 2020 సెన్సస్ నాటి ప్రిసింక్ట్‌లవి. టెక్సస్‌లో అవి తొమ్మిదివేలకు పైగా ఉన్నాయి. పెద్ద కౌంటీల్లో ఒక ప్రిసింక్ట్‌లో నమోదైన ఓటర్లు అయిదువేలు మించకూడదన్నది నియమం. బేసి సంఖ్య సంవత్సరాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో కౌంటీలు ఈ గీతలను సమీక్షించుకుంటాయి. ఫ్రిస్కో, ప్రాస్పర్ లాంటి చోట్ల ఇళ్లు కట్టిన కొద్దీ ప్రిసింక్ట్‌లు రెండుగా, మూడుగా చీలుతాయి. కొత్త ఆకారాల్లో లెక్కపెట్టిన 2022, 2024 ఓట్లను 2020 ఆకారాల్లో ఇమడ్చాలంటే మళ్లీ బ్లాకుల్లోకి పంచి, తిరిగి కలపాలి. పంచడానికి ఆధారం 2020 ఏప్రిల్ 1 నాటి జనాభా.

ఆ రోజున మొక్కజొన్న చేనుగా ఉన్న బ్లాకులో 2024కు ఆరొందల ఇళ్లు లేచాయనుకోండి. సెన్సస్ ప్రకారం అక్కడ జనం సున్నా. అందువల్ల ఆ ఇళ్లవాళ్ల ఓట్లు పక్కనున్న పాత కాలనీకి పోతాయి. పాత కాలనీలో ఓటు వయసు జనాభా కంటే పోలైన ఓట్లు ఎక్కువ కనిపిస్తాయి. ఇది పట్టుకోవడం తేలికే. ప్రిసింక్ట్ డేటాను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) దించుకుని, మొత్తం ఓట్లను ఓటు వయసు జనాభాతో భాగించండి. 0.85 దాటినవన్నీ అనుమానించాల్సినవి, ఒకటి దాటితే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. ఫ్రిస్కో ఉత్తర భాగంలో ఇలాంటివి ఎక్కువగా పడతాయి. వాటిని విడివిడిగా చదవకండి. పక్కపక్క ప్రిసింక్ట్‌లను మూడు నాలుగు కలిపి ఒక గుంపుగా తీసుకుంటే అటుదిటు పోయిన ఓట్లు ఆ గుంపులోనే ఉండిపోతాయి, శాతం మళ్లీ నమ్మదగ్గదిగా మారుతుంది.

ఓటు ఎక్కడ వేశారన్నదానికీ, ఎక్కడ లెక్కపెట్టారన్నదానికీ తేడా ఉంది. కాలిన్‌లో ఓటరు కౌంటీలోని ఏ పోలింగ్ కేంద్రానికైనా వెళ్లొచ్చు. ఎక్కువ ఓట్లు ముందస్తు ఓటింగ్‌లోనే పడతాయి. 65 ఏళ్లు నిండినవాళ్లు పోస్టు ద్వారా పంపొచ్చు. ఏ దారిలో వచ్చినా ఫలితాల పట్టికలో ఆ ఓటు ఓటరు ఇంటి చిరునామా ఉన్న ప్రిసింక్ట్ కిందకే వస్తుంది. కాబట్టి “ఫలానా లైబ్రరీ దగ్గర ఉదయం నుంచీ పెద్ద క్యూ, ఆ ఏరియా ఫలానా పార్టీది” అన్న మాటకు ఈ మ్యాపులో ఆధారం దొరకదు. కౌంటీ పత్రంలో ముందస్తు, పోస్టు, పోలింగ్ రోజు ఓట్లు విడివిడిగా ఉంటాయి. యాప్ మూడింటినీ కలిపేసి మొత్తం మాత్రమే ఇస్తుంది. 2020 నుంచీ పోస్టు ఓట్లు డెమొక్రాట్ల వైపు, పోలింగ్ రోజు ఓట్లు రిపబ్లికన్ల వైపు మొగ్గడం చాలాచోట్ల కనిపించింది. ఆ తేడా చూడాలనుకునేవాళ్లకు ఈ యాప్ పనికిరాదు, కౌంటీ పత్రమే దిక్కు.

తెలుగు పాఠకులు నేరుగా వెతికే వరుస ‘ఆసియన్’. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. యాప్‌లో జనాభాను మూడు రకాలుగా చూడొచ్చు. మొత్తం జనం, ఓటు వయసు వాళ్లు, ఓటు వయసున్న పౌరులు. ఫ్రిస్కోలో 2020 సెన్సస్ ప్రకారం దాదాపు నాలుగో వంతు ఆసియన్లు. అది మొత్తం జనం లెక్క. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు కోసం వేచి ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు కూడా అందులో ఉంటారు. ఓటు హక్కు పౌరులకే. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా అయిదేళ్లు గడిస్తేగానీ పౌరసత్వానికి అర్హత రాదు, పౌరులను పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవాళ్లకు మూడేళ్లు. భారతీయుల గ్రీన్ కార్డు వరస ఎంత పొడవో అందరికీ తెలిసిందే. కాబట్టి పౌరుల లెక్కకు మారగానే ఆసియన్ శాతం గణనీయంగా పడిపోతుంది. ఎన్నికల చర్చలో ఆ మూడో అంకె ఒక్కటే వాడాలి.

ఆ అంకెకూ పరిమితులున్నాయి. పౌరుల లెక్క సెన్సస్ నుంచి రాదు, అయిదేళ్ల నమూనా సర్వే నుంచి బ్లాక్ గ్రూపు (కొన్ని బ్లాకులు కలిపిన ప్రాంతం) స్థాయిలో వస్తుంది. చిన్న ప్రాంతాల్లో పొరపాటు అవకాశం పెద్దది. ప్రిసింక్ట్‌కు దాన్ని మళ్లీ పంచుతారు. పైగా ఒకటికి మించి జాతులు రాసుకున్నవాళ్లు రెండు వరుసల్లోనూ లెక్కకొస్తారు. శాతాలన్నీ కూడితే నూరు దాటడానికి కారణం అదే. ఇక తెలుగువాళ్లు, గుజరాతీలు, చైనీయులు, కొరియన్లు, పాకిస్తానీలు అందరూ ఒకే పెట్టెలో. ఒక ప్రిసింక్ట్‌లో ఆసియన్ పౌరులు 35 శాతం, డెమొక్రాటిక్ వాటా 50 శాతం ఉంటే, దాన్నిబట్టి ఆసియన్లు ఎటు వేశారో చెప్పలేం. ఆసియన్లు ఎక్కువ ఉన్న పేటల్లో తెల్లవాళ్లు కూడా చదువు, వయసు, ఆదాయాల్లో పక్క పేటలకంటే వేరుగా ఉండొచ్చు. ఆ యాభైలో ఎవరి వాటా ఎంతో ఒక్క మ్యాపు విడదీయలేదు. “తెలుగువాళ్లు ఈసారి ఫలానా వైపు తిరిగారు” అని ప్రిసింక్ట్ మ్యాపు చూపించి చెప్పేవాళ్లను నమ్మొద్దు. “ఆసియన్ పౌరులు ఎక్కువున్న ప్రిసింక్ట్‌లలో 2020కీ 2024కీ మధ్య మార్పు ఊరి సగటు కంటే ఎక్కువా తక్కువా” అన్న ప్రశ్నకు మాత్రం ఇదే మ్యాపు నిజాయితీగా జవాబిస్తుంది.

యాప్‌లో అసలే లేనివి రెండు. ఒకటి స్థానిక ఎన్నికలు. ఫ్రిస్కో మేయరు, కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు మే నెలలో. పార్టీ పేర్లుండవు, పోలింగ్ నవంబరుతో పోలిస్తే చాలా తక్కువ. వాటి ప్రిసింక్ట్ లెక్కలు రెండు కౌంటీల పత్రాల్లోనుంచి ఏరి కలుపుకోవాల్సిందే. స్కూల్ జిల్లా గీతలు మళ్లీ వేరు. ఫ్రిస్కో ఐఎస్‌డీ (అక్కడి స్కూల్ జిల్లా) పరిధిలోకి ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ ఇళ్లు కూడా వస్తాయి. స్కూల్ బోర్డు ఫలితాన్ని ఫ్రిస్కో నగర తీర్పుగా రాయడం అందువల్ల తప్పు. రెండోది ప్రైమరీలు, అంటే పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలు. పార్టీ నమోదు లేని టెక్సస్‌లో ఓటరు ఏ ప్రైమరీ బ్యాలెట్ అడిగారన్నదే పార్టీ గుర్తుకు దగ్గరగా ఉండే ఒకే ఒక్క రికార్డు. డబ్బు తీసుకుని ఓటర్ల ‘మొగ్గు’ అమ్మే కంపెనీలు టెక్సస్‌లో ఎక్కువగా ఆధారపడేది దాని మీదే. రిపబ్లికన్ ప్రైమరీలోనే అసలు పోటీ తేలిపోయే చోట్ల డెమొక్రాట్లు, తటస్థులు కూడా ఆ బ్యాలెట్ తీసుకుంటారు కాబట్టి ఆ గుర్తును కూడా పూర్తిగా నమ్మలేం.

ప్రత్యామ్నాయాలు త్వరగా చెప్పేద్దాం. న్యూయార్క్ టైమ్స్ ప్రిసింక్ట్ మ్యాపు కంటికి అందంగా ఉంటుంది, వీధి తేలిగ్గా వెతకొచ్చు. కానీ అధ్యక్ష పోటీ ఒక్కటే, మనకు కావలసిన ప్రిసింక్ట్‌లను కలిపి లెక్క తీసే వీలు లేదు. రీడిస్ట్రిక్టింగ్ డేటా హబ్ ఖాతా తెరిస్తే ఆకారాల ఫైళ్లు, ఫలితాలు ఉచితంగా ఇస్తుంది. క్యూజీఐఎస్ లాంటి మ్యాపుల సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లకు మాత్రమే అది పనికొస్తుంది. టెక్సస్ వరకు అన్నిటికంటే గట్టి మూలం టెక్సస్ లెజిస్లేటివ్ కౌన్సిల్ డేటా పోర్టల్. ప్రిసింక్ట్ స్థాయిలో అన్ని రాష్ట్ర పోటీలూ, ఏ ఏడాది ఆకారాలు ఆ ఏడాదికే. ముందు చెప్పిన చేను సమస్య అక్కడ లేదు. దించుకున్నాక రెండు విషయాలు చూసుకోండి. ప్రిసింక్ట్ నంబర్లు కౌంటీ కౌంటీకీ మళ్లీ మొదలవుతాయి కాబట్టి కౌంటీ, నంబరు రెండూ కలిపిన గుర్తుతోనే పట్టికలను జోడించాలి. ఎక్సెల్‌లో మామూలుగా తెరిస్తే నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోయి సగం వరుసలు జత కుదరవు. ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టి తెరవండి.

ఫ్రిస్కో కాకుండా వేరే ఊరు చూసేవాళ్లకు యాప్ విలువ రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌కో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కో పార్టీ రిజిస్ట్రేషన్ లెక్క కూడా దొరుకుతుంది, దాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. కాలిఫోర్నియా ప్రిసింక్ట్ లెక్కలకు బర్క్‌లీలో నడిచే స్టేట్‌వైడ్ డేటాబేస్ మెరుగైన చోటు. జార్జియాలో పార్టీ నమోదు లేదు గానీ ఓటరు జాబితాలో జాతి వివరం ఉంటుంది. జాన్స్ క్రీక్ నగరం, ఫోర్సైత్ కౌంటీ గురించి రాసేవాళ్లు నమూనా సర్వే మీద ఆధారపడకుండా ఆసియన్ల పోలింగ్ శాతం నేరుగా తీయొచ్చు, ఎవరికి వేశారన్నది మాత్రం అక్కడా తెలియదు. ఇలినాయ్‌లోని నేపర్‌విల్ రెండు కౌంటీల్లో ఉంటుంది కాబట్టి ఫ్రిస్కో జాగ్రత్తలే దానికీ.

వాడకంలో చికాకులు కొన్ని. టెక్సస్ లాంటి పెద్ద రాష్ట్రం తెరిస్తే పాత ల్యాప్‌టాప్ మూలుగుతుంది. ఫోనులో చూడటానికి సరే, రంగు వేయడానికి కాదు. మెనూలు హద్దులు గీసేవాళ్ల కోసం రాసినవి కావడంతో మామూలు పాఠకుడికి ఏది ఎక్కడుందో దొరకడానికి సమయం పడుతుంది. మ్యాపు పంచుకునేటప్పుడు చూడటానికి మాత్రమే ఇచ్చే లింకు, మార్చడానికి కూడా వీలిచ్చే లింకు వేరువేరు. రెండోది గ్రూపులో పెడితే తెల్లారేసరికి మీ ఫ్రిస్కోకు డెంటన్ సగం పోయి ఉండొచ్చు. పేరులో తేదీ వేసి ఒక నకలు విడిగా దాచుకోండి. రంగు గురించీ ఒక మాట. ముదురు ఎరుపు వేసిన పెద్ద ముక్క విస్తీర్ణంలో పెద్దది కావొచ్చు, ఓట్లలో చిన్నది కావొచ్చు. ఊరి అంచున ఖాళీ భూముల ప్రిసింక్ట్‌లు మ్యాపును ఆక్రమిస్తాయి, టోల్‌వే పక్క అపార్ట్‌మెంట్ల ప్రిసింక్ట్ చుక్కంత కనిపిస్తుంది. రంగుల మ్యాపు కంటే ముందు పట్టిక చదవండి.

మార్కులు వేయాలంటే, ఊరి మొత్తం మొగ్గు, పేటల మధ్య తేడా, రెండు పోటీల పోలిక, ఈ మూడింటికీ అయిదుకు నాలుగున్నర. ఏళ్ల మధ్య మార్పుకు, ఫ్రిస్కో లాంటి వేగంగా పెరిగే ఊళ్లో, రెండున్నర కంటే ఇవ్వలేం. ప్లేనో తూర్పు భాగం లాంటి, ఎప్పుడో కట్టేసిన పేటల్లో అదే పనికి నాలుగు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక సూచన. కాలిన్ కౌంటీ ఆసియన్ పేటల్లో కొంత భాగాన్ని 2021 మ్యాపు ఓక్లహామా సరిహద్దు దాకా పోయే నాలుగో కాంగ్రెస్ నియోజకవర్గంలో కలిపింది. 2025 ఆగస్టులో టెక్సస్ శాసనసభ కాంగ్రెస్ గీతలను మళ్లీ మార్చింది. ప్రిసింక్ట్ రెండు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఉండకూడదు కనుక, కొత్త గీత తగిలిన చోటల్లా కౌంటీలు ప్రిసింక్ట్‌లను కూడా కోయాలి. మీ మ్యాపు 2020 ఆకారాల మీదే ఉంటుంది. కాబట్టి 2026 నవంబరు ఫలితాలను దాంతో పోల్చే ముందు కాలిన్, డెంటన్ ఎన్నికల కార్యాలయాల నుంచి ఆ ఏడాది ప్రిసింక్ట్ మ్యాపు తెచ్చుకుని, నంబరు అదే ఉన్నా ఆకారం అదేనో కాదో ఒక్కొక్కటీ సరిచూసుకోండి.